గురువారం జవాబులు

జితేందర్ హెల్మెట్ పోయిన రోజు గురువారం. గల్ఫ్‌లోని దుక్మ్‌లో క్యాంపు నుంచి సైటుకు తీసుకుపోయే బస్సులో, తన సీటు పైనున్న కొక్కేనికి ముందురోజు సాయంత్రం తగిలించి దిగాడు. పొద్దున ఎక్కి చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది. లోపలి పట్టీ మీద నల్ల మార్కరుతో పేరు రాసుకున్నాడు గాని, కళ్ళు సగం మూసుకుని బస్సు దిగే మనుషులు పేరు చదివి హెల్మెట్ తీసుకోరు. ఎవరో మార్చుకుపోయారు. అది నెలకు నాలుగుసార్లు జరిగేదే.

స్టోరు ఏడింటికి తెరుస్తారు. డ్యూటీ ఆరింటికి మొదలు. వాడికి వరసకు మామ అయ్యే లింబాద్రి, డ్రైవరు సీటు వెనక వెతికి ఒక పాత హెల్మెట్ పట్టుకొచ్చాడు. లోపలి పట్టీలు రెండు తెగిపోయి, చిప్ప నేరుగా నెత్తికి ఆనుతోంది.

"బోర్లిచ్చిన గంజు లెక్కున్నది గద మామా," అన్నాడు జితేందర్, అది పెట్టుకుని తల అటూ ఇటూ ఊపుతూ.

"ఏడింటిదాంక పెట్టుకోరా. స్టోరు తెరిచినంక కొత్తది తెచ్చుకుందువు."

"హెల్మెట్ సారు జూస్తే?"

"సారు పైన జూస్తడు. లోపల జూస్తడా?"

ఏడైంది, ఎనిమిదైంది. కాంక్రీటు బండ్లు వరసకట్టి నిలబడి ఉన్నాయి. స్టోరుకు పోయే తీరిక ఎవరికీ దొరకలేదు. తొమ్మిదింబావుకు పైఅంతస్తు స్కాఫోల్డింగ్ నుంచి ఒక ఇనుప క్లాంపు జారి జితేందర్ తల మీద పడింది. వాడు కూర్చుండిపోయాడు. మళ్ళీ తనే లేచి, దుమ్ము దులుపుకుని నవ్వాడు.

హెల్మెట్ సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన అసలు పేరు గ్రిగ్స్. అమెరికావాడు, సైటుకు సేఫ్టీ మేనేజరు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, దర్వాజాలో నిలబడితే వెలుగు ఆగిపోయేది. వయసులో ఉన్నప్పుడు అక్కడి ఫుట్‌బాల్ ఆడాడట. కాళ్ళతో ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునేది. రోజూ పొద్దున కూలీలందరినీ నిలబెట్టి ఒకటే మాట చెప్పేవాడు: తల ఒక్కటే, దానికి స్పేర్ పార్ట్ లేదు. లింబాద్రి దాన్ని తెలుగులోకి, హిందీలోకి మార్చి అరిచేవాడు. పదిహేనేళ్ళ గల్ఫ్‌లో నేర్చిన ఇంగ్లీషు వల్ల ఆ పని అతని మీద పడింది.

క్లినిక్ నర్సు నాదియా ఆ వారం సెలవులో ఉంది. గ్రిగ్స్ జితేందర్‌ను నీడలో కూర్చోబెట్టి, కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, లింబాద్రి వైపు చూసి, "అడుగు," అన్నాడు. "ఇవాళ ఏ వారం?"

లింబాద్రి తెలుగులో అడగబోయేలోపే జితేందర్ అతని చొక్కా పట్టుకున్నాడు. "మామా, అన్‌ఫిట్ రాయనియ్యకు," అన్నాడు మెల్లగా. తొమ్మిది రోజుల్లో వాడు ఊరికి పోవాలి. మూడేళ్ళ తర్వాత మొదటి సెలవు. ముందటి ఏడాది నిర్మల్ మనిషి ఒకడు కళ్ళు తిరిగి పడితే మెడికల్‌కు పంపారు. అక్కడ అన్‌ఫిట్ అని రాస్తే వీసా రద్దు చేశారు. క్యాంపులో దెబ్బకంటే ఆ మాటకే ఎక్కువ భయపడేవారు.

"ఇయ్యాల ఏ వారం రా?"

"మంగళారం," అన్నాడు జితేందర్.

"పొద్దున ఏం తిన్నవు?"

"అంబలి. అవ్వ వోసింది."

"గిప్పుడు ఏడున్నం? నీ పక్కపొంటి ఎవరున్నరు?"

జితేందర్ లింబాద్రి భుజం మీదుగా వెనక్కి, ఎండలోకి చూశాడు. చూస్తూ చూస్తూ అడిగాడు: "నాయిన వచ్చిండా మామా?"

వాళ్ళ నాయన భూమయ్య చనిపోయి అప్పటికి పదేళ్ళు.

లింబాద్రి గ్రిగ్స్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. "గురువారం, సర్. ఖుబ్బూస్ రొట్టె, పప్పు తిన్నాడు. ఇది దుక్మ్ సైట్. పక్కన నేను, వాళ్ళ మామను."

గ్రిగ్స్ తల ఊపి లేచాడు. జితేందర్ మళ్ళీ పనిలోకి పోయాడు. పన్నెండింటికి అన్నం ముట్టలేదు, తలనొప్పి అన్నాడు. లింబాద్రి తడిగుడ్డ నెత్తిన వేసి, రేకుల షెడ్డు కింద పడుకోబెట్టాడు. మూడింటికి లేపితే లేవలేదు.

కంపెనీవాళ్ళు విచారణ చేశారు. గ్రిగ్స్ రిపోర్టులో ప్రశ్నలు అడిగానని, జవాబులు సరిగా ఉన్నాయని, తానే పనిలోకి పంపానని రాశాడు. లింబాద్రిని పిలిచి అడిగారు. లింబాద్రి రెండోసారి కూడా గురువారమే చెప్పాడు.

శవపెట్టె వెంట ఊరికి పోయింది కూడా అతనే. మెట్‌పల్లి దగ్గర ఊరు. జితేందర్ తల్లి శాంతమ్మ అతనికి వరసకు అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక ఆమె ఒక్కటే అడిగింది. "పొయ్యేముందు ఏమన్న అన్నడా తమ్మీ?"

"ఏమనలేదక్కా. నిద్రలనే పోయిండు."

*

ఇది జరిగి ఆరేళ్ళు. గ్రిగ్స్ ఇప్పుడు మస్కట్ దారిలో ఉన్న సమాయిల్‌లో ఉంటున్నాడు. ఆ చావు జరిగిన రెండు నెలలకు ఉద్యోగం మానేశాడు, కాని తన దేశం పోలేదు. క్లినిక్ నర్సు నాదియాను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది ఇక్కడే, తండ్రి విడిచిపోయిన ఖర్జూరపు తోట, తోటలో పాత ఇల్లు, ఇంటి వెనక పారే కాలువ. పెళ్ళయిన ఏడాదికే గ్రిగ్స్ బండి తీసుకుని పోయి తిరిగి ఇల్లు కనుక్కోలేకపోయాడు. డాక్టర్లు తల ఫోటోలు తీసి, ఆటలో తగిలిన దెబ్బలు ఇన్నేళ్ళకు పైకి వస్తున్నాయన్నారు, ఇక బండి నడపొద్దన్నారు.

నాదియా లింబాద్రికి ఫోన్ చేసింది. ఆమె హిందీ బాగా మాట్లాడుతుంది. "లింబాద్రీ భాయ్, డ్రైవరు కావాలి. ఆయన నీ పేరే చెప్తున్నాడు."

లింబాద్రి వచ్చాడు. మోకాలు బాగాలేదు, సైటు పని చేతకావడం లేదు అని రూమ్‌లో అందరికీ చెప్పి వచ్చాడు. అది అబద్ధం కాదు. ఊళ్ళో కబడ్డీ ఆడే రోజుల్లోనే ఆ మోకాలు పోయింది. కాని సారు తన పేరే ఎందుకు చెప్పాడన్నది దారి పొడుగునా అతన్ని వదలలేదు.

వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. గ్రిగ్స్ చాలా మరిచిపోయాడు. అల్మారా తలుపుల మీద లోపల ఏముందో చీటీలు అతికించి ఉంటాయి. ఒక్కోరోజు నాదియాను మొదటి భార్య పేరుతో పిలుస్తాడు, ఆమె పలుకుతుంది. ఇంట్లో కూడా నల్లద్దాలు తియ్యడు. అన్నీ పోగా ఆయన దగ్గర చెదరకుండా మిగిలింది ఒక్కటే.

"గురువారం అన్నాడు," అంటాడు టీ తాగుతూ తాగుతూ. "ఖుబ్బూస్, పప్పు అన్నాడు. దుక్మ్ అన్నాడు. పక్కన మామ ఉన్నాడన్నాడు. ఒక్కటీ తప్పలేదు. మరి నేనెక్కడ తప్పాను, లిమ్?"

లింబాద్రి కప్పు తీసుకుని లోపలికి పోతాడు. ఆ జవాబులు జితేందర్‌వి కావు. అవి తన మాటలు, తన గొంతుతో చెప్పినవి. ఆరేళ్ళుగా సారు తలలో తిరుగుతున్నది ఆ గొంతే.

మధ్యాహ్నాలు ఇంకా కష్టం. తోటలో ఎండ నిలిచిపోయి, కాలువ చప్పుడు తప్ప ఏమీ వినిపించని వేళ గ్రిగ్స్ హాలు మధ్యకు వచ్చి, ఒక చెయ్యి నేలకు ఆనించి, నడుము వంచి, తలుపుకు ఎదురుగా కాచుకుని కూర్చుంటాడు. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు వణుకుతుంటాయి. ఆటలో అలాగే కూర్చునేవారట.

"ఎవరొస్తున్నారు సర్?" అని మొదటిసారి లింబాద్రి అడిగాడు.

"ఎవరైనా రావచ్చు. నా వెనక మనిషి ఉన్నాడు."

"ఏ మనిషి?"

"పసుప్పచ్చ హెల్మెట్‌వాడు."

కూలీలకిచ్చేవి పసుప్పచ్చ హెల్మెట్లు. లింబాద్రి ఆయన వెనకున్న గోడ వైపు చూడకుండా బయటికి వచ్చి, ఖర్జూరపు మట్టలు నరుకుతూ సాయంత్రందాకా తోటలోనే ఉన్నాడు.

*

ఈ చలికాలం మొదట్లో అమెరికా నుంచి కాగితాలు వచ్చాయి. చనిపోయిన ఆటగాళ్ళ మెదళ్ళను పరీక్ష చేసే డాక్టర్లు అక్కడ ఉన్నారు. తన తల వాళ్ళకిస్తానని గ్రిగ్స్ ఎప్పుడో సంతకం పెట్టాడు. జ్ఞాపకం ఉండగానే మీ జీవితం మీ గొంతుతో చెప్పి పంపండి, మీ తప్పొప్పులతో సహా, అని వాళ్ళు రాశారు. చిన్న రికార్డింగ్ మిషను కూడా పంపారు. నాదియా ఆదివారం మస్కట్ పోయి కాగితాలతోపాటు దాన్ని కొరియర్‌లో వెయ్యాలి.

తలనొప్పి పదకొండింటికి మొదలవుతుంది కాబట్టి పొద్దున కూర్చునేవారు. బటన్ నొక్కి పట్టడం లింబాద్రి పని. సారు మధ్యలో దారి తప్పితే ఎక్కడ ఆపాడో చెప్పడం కూడా అతని పనే.

గ్రిగ్స్ చిన్న ఊరివాడు. తండ్రి కోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పద్నాలుగేళ్ళకే ఆరడుగులు దాటితే బడిలో ఆట నేర్పే సారు చూసి, ఈ పిల్లవాణ్ణి నాకివ్వండి అన్నాడట. కాలేజీ చదువు ఆ ఆట పెట్టిన భిక్షే. పెద్ద జట్లు ఆటగాళ్ళను ఏరుకునే రోజున అందరికంటే చివర్న, టీవీ కట్టేసే వేళకు ఎవరో తన పేరు చదివారట. వాళ్ళమ్మ వంటింట్లో ఉండి వినలేదు.

"నేను గార్డును," అన్నాడు. "ముందున్నవాణ్ణి ఆపాలి. వెనక బంతి పట్టుకుని ఒకడుంటాడు, వాడి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. అంతే పని. పదకొండేళ్ళు."

"బంతి మీకు రాదా సర్?"

"ఒక్కసారి వచ్చింది. ఎవడో జారవిడిస్తే మీద పడ్డాను. లేచేసరికి లాక్కుపోయారు."

"మా కబడ్డీలో బంతే ఉండదు సర్. ఆ బాధే లేదు."

"మరి దేనికోసం కొట్టుకుంటారు?"

"ఊపిరి కోసం సర్."

గ్రిగ్స్ చాలాసేపు నవ్వాడు. మిషను ఆ నవ్వు కూడా పట్టుకుంది.

"ఒకటి తెలుసా," అన్నాడు నవ్వు ఆగాక. "గార్డుకు తన వెనకవాడు కనిపించడు. వాడు నిలబడ్డాడో పడిపోయాడో జనం కేకను బట్టి తెలుసుకోవాలి. తిరిగి చూస్తే నా ముందువాడు దూరిపోతాడు. పదకొండేళ్ళలో నేను వెనక్కి తిరగలేదు."

ఆ వారంలో గురువారం నాడు, చెప్తూ చెప్తూ, తాను ఆడిన ఆరో ఏడాదిలోని ఒక ఆట దగ్గరికి వచ్చాడు. నవంబరు నెల, వాన. కిందపడేటప్పుడు ఆయన తల అవతలివాడి మోకాలికి తగిలింది.

"జనం కేక ఆగిపోయింది. అరవై వేల నోళ్ళు కదులుతున్నాయి, చప్పుడు లేదు. పక్కకు తెచ్చి కూర్చోబెట్టారు. ట్రైనరు వచ్చి మూడు ప్రశ్నలు వేశాడు. ఏ వారం, ఏ ఊరు, స్కోరెంత. నేనేదో అన్నాను. ట్రైనరు వినలేదు, వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నా ఎడమపక్కవాడు నీళ్ళ సీసా నోటికి అడ్డం పెట్టుకుని జవాబులు అందించాడు. ట్రైనరు ఇటు తిరిగేసరికి నేను అవే అప్పజెప్పాను. మళ్ళీ లోపలికి తోలారు. ఆ ఆట సగం ఆడాను. ఆ సగం నాకిప్పటికీ లేదు."

బటన్ మీద లింబాద్రి వేలు చెమర్చింది.

"జవాబులు అందించినాయన మీద కోపం లేదా సర్?"

"లేదు. నేను కూర్చుంటే నా చోటు ఇంకొకడికి పోయేది. వాడు నాకు మేలే చేశాననుకున్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను." గ్రిగ్స్ నల్లద్దాలు సవరించుకున్నాడు. "కాని ఒకటి అడగాలని ఉండేది. మొదట నేను నిజంగా ఏమన్నానో వాడొక్కడే విన్నాడు. అదేమిటో నాకు కావాలి. అది నాది. నేను అడిగేలోపే వాడు పోయాడు."

*

శుక్రవారం శాంతమ్మ ఫోన్ చేసే రోజు. ఈ ఆరేళ్ళలో ఏ శుక్రవారమూ తప్పలేదు.

"తిన్నవా తమ్మీ? మీ సారు ఎట్లున్నడు?"

"గట్లనే ఉన్నడక్కా. ఒక్కటి యాది ఉంటె నాలుగు మరుస్తున్నడు."

"నాకూ గట్లనే అయితే మంచిగుండు," అని నవ్వింది. "మొన్న కలల వచ్చిండురా వాడు. దర్వాజల నిలవడి నోరు కదుపుతున్నడు. ఇనవడ్తలేదు. గట్టిగ అనురా బిడ్డా అంటున్న. కదుపుతనే ఉన్నడు."

లింబాద్రి ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"పొయ్యేముందు ఏమన్న అన్నడా తమ్మీ? నీకు మతికున్నదేమో జర చూడు."

"ఏమనలేదక్కా."

"గంత మాటకారి పోరడు. ఏమనకుంట ఎట్ల పోయిండురా."

ఫోన్ పెట్టేశాక లింబాద్రి తోటలోకి పోయి కాలువ గట్టున కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తాను ఒక తప్పు దాచాననుకున్నాడు. నిన్న సారు మాట విన్నాక తెలిసింది, దాచింది తన తప్పు ఒక్కటే కాదు. వాడి మాట కూడా తన దగ్గరే ఉండిపోయింది. అది తనది కాదు.

*

శనివారం పొద్దున గ్రిగ్స్ బాగున్నాడు. ఆట మానేశాక తెరిచిన హోటలు మూతపడటం, మొదటి భార్య వెళ్ళిపోవడం గబగబా చెప్పేశాడు. తర్వాత గల్ఫ్. "తలలు పగలకుండా చూసే పని ఎక్కడుందా అని వెతుక్కుని తీసుకున్నాను," అన్నాడు. అక్కణ్ణుంచి దుక్మ్.

"జవాబులన్నీ సరిగా చెప్పాడు. గురువారం అన్నాడు. ఖుబ్బూస్, పప్పు అన్నాడు. తలదెబ్బ గురించి నాకు తెలిసినంత ఆ సైటులో ఎవరికీ తెలియదు. అయినా నేనే పంపాను. ఎక్కడో ఏదో చూడలేదు. ఆ పిల్లవాడి చావు నాది. రాసుకోండి."

లింబాద్రి బటన్ వదిలేశాడు.

"సర్, వాడు గురువారం అనలేదు."

గ్రిగ్స్ అర్థం కానట్టు చూశాడు.

"మంగళవారం అన్నాడు. నేను గురువారం అని చెప్పిన."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"తిన్నది?"

"అంబలి. ఇంట్లో తాగే గంజి సర్. వాళ్ళ అమ్మ పోసిందన్నాడు."

"పక్కన ఎవరని అడిగితే?"

"నాయిన వచ్చిండా అన్నాడు."

"నాయిన."

"ఫాదర్, సర్. ఫాదర్ వచ్చాడా అని. వాళ్ళ ఫాదర్ పోయి అప్పటికే పదేళ్ళు."

గ్రిగ్స్ నల్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళు లింబాద్రి చాలా రోజులకు చూశాడు. లేత రంగు కళ్ళు, ముసలి కళ్ళు.

"నీళ్ళ సీసా కూడా అడ్డం పెట్టుకోలేదు నువ్వు," అన్నాడు. తర్వాత, "ఎందుకు?"

"తొమ్మిది రోజుల్లో ఇంటికి పోయేది సర్. అన్‌ఫిట్ రాస్తారని భయపడ్డాడు. నన్ను పట్టుకుని అడిగాడు."

"వాడికి బాగాలేదని నీకు తెలుసా, ఆ క్షణాన?"

దీనికి లింబాద్రి దగ్గర ఆరేళ్ళుగా ఒక జవాబు తయారుగా ఉంది. వాడు కొంటెవాడు, అందరినీ ఆటపట్టించేవాడు, అదీ పరాచికమే అనుకున్నాను, అన్నది ఆ జవాబు. దాన్ని తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. ఇప్పుడు నోటిదాకా వచ్చింది.

"తెలుసు సర్," అన్నాడు.

గ్రిగ్స్ లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. కొడతాడేమో అనుకున్నాడు లింబాద్రి, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. గ్రిగ్స్ హాలు మధ్యకు నడిచాడు. రోజూ కూర్చునే చోటే నిలబడి తలుపు వైపు చూశాడు. నేలకు ఆనించడానికి చెయ్యి దించబోయి ఆగాడు. తర్వాత మెల్లగా, ఒక్కో అడుగూ మార్చుకుంటూ, వెనక్కి తిరిగాడు.

వెనక సున్నం గోడ, గోడకు ఆనించిన రెండు దిండ్లు.

"ఎవరూ లేరు," అన్నాడు.

"లేరు సర్."

ఆ మధ్యాహ్నం ఆయన తలుపు దగ్గర కాపలా కూర్చోలేదు. కడుపునిండా అన్నం తిని, అద్దాలు లేకుండానే, పొద్దు వాలే వేళ అసర్ నమాజు పిలుపుదాకా నిద్రపోయాడు. నాదియా లింబాద్రితో ఒక్కమాటా మాట్లాడలేదు. అతని ముందు అన్నం పళ్ళెం పెట్టింది, ఎప్పటిలాగే.

*

ఆదివారం పొద్దున గ్రిగ్స్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అద్దాలు మళ్ళీ ముఖం మీదికి వచ్చాయి.

"ఎక్కడ ఆపాను, లిమ్?"

"దుక్మ్ దగ్గర సర్."

"అవును. గురువారం అన్నాడు. ఖుబ్బూస్, పప్పు అన్నాడు. ఒక్కటీ తప్పలేదు. మరి నేనెక్కడ తప్పాను?"

లింబాద్రి చేతిలో కెటిల్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాదియా వచ్చి కెటిల్ తీసుకుంది.

"బీబీ, నిన్న చెప్పిన గద," అన్నాడు ఆమెతో హిందీలో. "మీరు విన్నారు."

"విన్నాను."

"మళ్ళీ మొదటికొచ్చింది."

నాదియా గ్రిగ్స్ మాత్రలు అరచేతిలో వేసి, నీళ్ళిచ్చి, ఆయన మింగేదాకా చూసింది. "నిన్న కూడా ఈ మాత్రలు ఇచ్చాను," అంది. "ఇచ్చాను కదా అని ఇవాళ మానేశానా? నువ్వూ అట్లాగే చెప్పు. రోజూ చెప్పు." ఖాళీ గ్లాసు తీసుకుంటూ అంది, "నీకు ఒక్కసారితో అయిపోవాలని ఉంది. అది నా చేతిలో లేదు."

లింబాద్రి కుర్చీ లాక్కుని గ్రిగ్స్ ఎదురుగా కూర్చున్నాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మంగళవారం, అంబలి, నాయిన. గ్రిగ్స్ మళ్ళీ అవే ప్రశ్నలు అడిగాడు, మళ్ళీ తెలుసా అని అడిగాడు. తెలుసు సర్, అన్నాడు లింబాద్రి. నిన్నటికంటే సులువేమీ కాలేదు.

మస్కట్ పోవడానికి నాదియా తయారవుతుంటే లింబాద్రి మిషను చేతిలోకి తీసుకున్నాడు. అందులో నిన్నటి సారు మాట ఉంది, ఆ చావు నాది అన్న మాట. దాని తర్వాత ఏమీ లేదు. బటన్ తనే వదిలేశాడు. ఇప్పుడు నొక్కాడు. తెలుగులో మాట్లాడాడు. జితేందర్ మాటల్ని ఆరేళ్ళ కింద ఇంగ్లీషులోకి ఒకసారి మార్చాడు, ఇంకోసారి మార్చబుద్ధి కాలేదు. బస్సులో కొక్కెం ఖాళీగా ఉండటం, తాను పాత హెల్మెట్ ఇవ్వడం, సారు అడిగింది, వాడు అన్నది, తాను చెప్పింది. అయిదు నిమిషాలు పట్టింది.

"అక్కడ దీన్ని ఎవరు వింటారు భాయ్?" అంది నాదియా.

"తెలుగువాళ్ళు లేని ఆస్పత్రి ఉంటదా బీబీ అమెరికాల. ఎవరో ఒకరు దొరుకుతరు."

ఆమె మిషనును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

అది పోయి మూడు వారాలైంది. చేరిందని కబురు వచ్చింది. లింబాద్రి రోజూ పొద్దున మాత్రల వేళకు గ్రిగ్స్ ఎదురుగా కూర్చుని చెప్తున్నాడు. కొన్ని రోజులు ఆయన వెనక్కి తిరిగి గోడ చూస్తాడు, ఆ మధ్యాహ్నం నిద్రపోతాడు. కొన్ని రోజులు విననట్టే లేచిపోయి తలుపుకు ఎదురుగా చెయ్యి నేలకు ఆనిస్తాడు. ఆ రోజుల్లో లింబాద్రి బయటికి పోవడం మానేశాడు. ఆయన వెనక, గోడకు ఆనుకుని కూర్చుంటాడు.

నిన్న శుక్రవారం. శాంతమ్మ ఫోన్ చేసింది. వడ్లు కోతకు వచ్చాయంది, కోతులు ఇంటి పెంకులు పీకుతున్నాయంది. తిన్నవా అంది. చివర్న, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

సిగ్నల్ బాగానే ఉంది. ఆమె ఊపిరి కూడా వినిపిస్తోంది.

"అక్కా," అన్నాడు లింబాద్రి.

"చెప్పు తమ్మీ."

"ఏమనలేదక్కా."

నాయన వచ్చాడా అని వాడు అడిగిన సంగతి వాళ్ళమ్మకు ఇంకా చెప్పలేదు.